ప్లగ్గుకు కరెంటు రావడం లేదా? పాత బోటు మోటార్లపై మీ ప్రశ్నలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఇంజిన్లన్నీ ఒడ్డుకెక్కి పడుకుంటాయి. మళ్లీ గంగలోకి దిగే వేళకు మాకు ఉత్తరాలు మొదలవుతాయి: తాడు లాగి లాగి భుజం పడిపోయింది, ఇంజిను మాత్రం అందుకోవడం లేదు అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఇగ్నిషన్‌కే ఇచ్చేశాం. డీజిల్ ఇంజిన్ల వాళ్లు ఏమీ అనుకోవద్దు, వాటికి ప్లగ్గే ఉండదు కదా!

*మాది ఫైబర్ తెప్ప. 15 హెచ్‌పీ పాత యమహా, రెండు సిలిండర్లు. నిషేధానికి ముందు బాగానే నడిచింది. ఇప్పుడు రెండు ప్లగ్గులకూ కరెంటు లేదు. సీడీఐ బాక్సు పోయిందని మెకానిక్ అంటున్నాడు. కొత్తది కొనమంటారా? – ఉప్పాడ*

ఇప్పుడే కొనకండి. సీడీఐ అంటే సరైన క్షణంలో కాయిల్‌కు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ బాక్సు. బాగా నడిచిన ఇంజినుకు ఒడ్డున ఊరికే ఉన్న రెండు నెలల్లో సీడీఐ పోవడం అరుదు. ఆ రెండు నెలలూ పనిచేసింది ఉప్పు. అది స్విచ్‌లోని రాగిని, ఎర్తు బోల్టును, ప్లగ్గు క్యాపులోని స్ప్రింగును ముందు తింటుంది. సీడీఐ అయితే రెజిన్ పోసి మూసేసిన డబ్బా, దానిలోకి ఉప్పు అంత తేలిగ్గా పోదు. కాబట్టి దాన్ని చివరికి ఉంచండి.

మొదలుపెట్టే ముందు పెట్రోలు పైపు పీకేయండి. కవరు తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. ప్లగ్గులు విప్పి స్పార్కు చూసేటప్పుడు ప్లగ్గును దాని రంధ్రం పక్కనే పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ రంధ్రంలోంచి వచ్చేది పెట్రోలు ఆవిరి, అంటుకుంటుంది. ప్లగ్గును దూరంగా, బ్లాకు మీద శుభ్రమైన లోహానికి గట్టిగా ఆనించండి. రెండు ప్లగ్గులూ ఆని ఉండాలి. సీడీఐ ఇంజినులో ప్లగ్గు వైరును గాలిలో వేలాడదీసి తాడు లాగితే, వోల్టేజి బయటికి పోయే దారి లేక కాయిల్‌నో సీడీఐనో లోపల పొడిచేస్తుంది. బాగున్న బాక్సు పరీక్షలోనే చచ్చేది ఇలాగే.

మొదట, మనిషి పడితే ఇంజిను ఆపేసే ఎర్ర తాడు క్లిప్పు తన చోట ఉందో లేదో చూడండి. నవ్వకండి, క్లిప్పు లేకుండా గంటసేపు తాడు లాగిన వాళ్లున్నారు. క్లిప్పు ఉంటే స్టాప్ స్విచ్ సంగతి చూడాలి. ఈ ఇంజిన్లను ఆపడమంటే సీడీఐకి వెళ్లే కరెంటును ఎర్తు చేసేయడమే. స్విచ్‌లో ఉప్పునీరు చేరి పచ్చటి చిలుము పట్టిందంటే బటన్ నొక్కకపోయినా ఎప్పుడూ ఎర్తు అయ్యే ఉంటుంది. యమహాలో స్టాప్ వైరు తెలుపు, ఎర్తు నలుపు. స్విచ్ నుంచి వచ్చే తెల్ల వైరును బుల్లెట్ కనెక్టర్ దగ్గర విడదీసి తాడు లాగండి. స్పార్కు వచ్చిందా, స్విచ్ మార్చండి, పని అయిపోయింది. అయితే వైరు విడదీసి ఉన్నంతసేపూ బటన్‌తో ఇంజిను ఆగదు. చోకు మూస్తే ఆగుతుంది. వైరు పీకేసి అలాగే వేటకు వెళ్లకండి. మనిషి నీళ్లలో పడితే తెప్ప ఆగకుండా పోతుంది.

అప్పటికీ స్పార్కు లేకపోతే ప్లగ్గు క్యాపులు చూడండి. క్యాపును అపసవ్యంగా తిప్పితే వైరు నుంచి ఊడి వస్తుంది. వైరు చివర రాగి తీగలు నల్లగానో పచ్చగానో ఉంటే ఐదారు మిల్లీమీటర్లు కోసేసి, కొత్త చివర మీద క్యాపు మళ్లీ తిప్పి బిగించండి. రెసిస్టర్ క్యాపులు సాధారణంగా 5 కిలో ఓమ్‌లు చూపిస్తాయి. అంతులేని అంకె చూపిస్తే క్యాపు పోయినట్టే.

తరువాత ఎర్తు. మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి ఒక కాలును సీడీఐ నల్ల వైరు మొదట్లో, రెండోదాన్ని ఇంజిను బ్లాకు మీద శుభ్రమైన చోట పెట్టండి. మీటరు వైర్లది తీసేశాక అర ఓమ్ దాటకూడదు. దాటితే ఆ బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాయండి. ఇగ్నిషన్ కాయిల్‌ను పట్టి ఉంచే బోల్టుకూ ఇదే చేయాలి. చాలా మోటార్లలో కాయిల్‌కు ఎర్తు ఆ బోల్టు ద్వారానే అందుతుంది.

ఇక కాయిళ్లు. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే చుట్ట) ఒక ఓమ్ కంటే తక్కువే ఉంటుంది. చవక మీటర్ల వైర్లే అర ఓమ్ దాకా చూపిస్తాయి కాబట్టి ముందు రెండు కాళ్లూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి అది తీసేయండి. సెకండరీని (ప్లగ్గుకు ఇచ్చే చుట్టను) క్యాపులు తీసేసి కొలవాలి, కొన్ని వేల ఓమ్‌లు రావాలి. ఫ్లైవీల్ కింద ఉండే చార్జి కాయిల్ (సీడీఐకి కరెంటు ఇచ్చేది), పల్సర్ కాయిల్ (ఎప్పుడు కొట్టాలో చెప్పేది) వైర్లు పైకి కనెక్టర్ దాకా వస్తాయి కాబట్టి ఫ్లైవీల్ ఊడదీయకుండానే కొలవచ్చు. సాధారణంగా ఇవి వందల ఓమ్‌లలో ఉంటాయి. సరైన అంకె మోడల్‌ను బట్టి మారుతుంది, మీ మోటారు సర్వీస్ మాన్యువల్‌లో చూసి సరిపోల్చుకోండి. పది శాతం అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు. అనంతం చూపిస్తే తీగ తెగింది, సున్నా దగ్గర ఉంటే లోపల కలిసిపోయింది. కొన్ని చార్జి కాయిళ్లకు ఒక కొస లోపలే ఎర్తు చేసి ఉంటుంది. అలాంటిది బ్లాకుకు తగిలినట్టు చూపిస్తే పోయిందనుకోకండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి స్పార్కు లేదంటే అప్పుడు సీడీఐ. దాన్ని ఓమ్ మీటరుతో తేల్చలేం. అదే మోడల్ నడుస్తున్న ఇంజిను నుంచి బాక్సు తెచ్చి పెట్టి చూడడమే నమ్మకమైన దారి. పక్క తెప్పవాళ్లతో మంచిగా ఉంటే ఇలాంటప్పుడు పనికొస్తుంది.

ఇంకో సంగతి. ప్లగ్గులు విప్పి లాగితే స్పార్కు వచ్చి, బిగించి లాగితే రాకపోతే తేడా వేగంలో ఉంది. కంప్రెషన్ లేనప్పుడు ఫ్లైవీల్ వేగంగా తిరుగుతుంది. బలహీనపడిన చార్జి కాయిల్, తుప్పు పట్టిన ఫ్లైవీల్ మాగ్నెట్లు తక్కువ వేగంలో చాలినంత కరెంటు ఇవ్వలేవు. అరిగిన స్టార్టర్ తాడు జారిపోతున్నా ఇదే వరస. సీడీఐ ఇంజినుకు సరైన స్పార్కు అంటే 10 మి.మీ. సందును చిటపటమని నీలంగా దూకాలి. నారింజ రంగులో సన్నగా దూకితే అది లెక్కలోకి రాదు.

*చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే అందుకుంటుంది. అరగంట నడిచాక దానంతట అదే ఆగిపోతుంది. పావుగంట ఆగితే మళ్లీ నడుస్తుంది. కాయిలా, కార్బరేటరా? – భీమిలి*

ఆగిన నిమిషంలోపే తేల్చుకోవాలి. చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. స్పార్కు టెస్టర్‌ను ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఇంజిను ఆగగానే ముందు పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బంతిని చేత్తో చూడండి. చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటే ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరవలేదన్న మాట, లేదా ట్యాంకు వైపు పైపు మూసుకుపోయింది. దానికీ ఇగ్నిషన్‌కూ సంబంధం లేదు. ఇంజినును చల్లబరిచే నీటి ధార సన్నబడిందేమో కూడా చూడండి. నీరు రాక ఇంజిను కాగిపోయి ఆగుతుంటే కాయిల్ మార్చి ఏం లాభం?

బంతి గట్టిగా ఉంది, ధార బాగుంది, స్పార్కు మాత్రం లేదు అంటే, ఆ వేడి మీదే కాయిళ్ల ఓమ్‌లు కొలవండి. రాగి తీగ ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం నిరోధం పెంచుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర కొలిచినదానికంటే 70 డిగ్రీల దగ్గర 20 శాతం ఎక్కువ రావడం సహజమే. ఆ పెరుగుదల చూసి కాయిల్ పారేసేవాళ్లున్నారు. చల్లగా 300 ఉన్నది వేడి మీద అనంతానికి వెళ్లిందా, దోషి అదే. లోపల తీగ వెంట్రుక మందాన తెగి ఉంటుంది, వేడికి సాగి విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఒడ్డున పరీక్షించాలంటే జుట్టు ఆరబెట్టే డ్రైయరుతో కాయిల్‌ను వేడి చేస్తూ మీటరు చూడండి. మంట మాత్రం వద్దు.

*రెండు సిలిండర్లలో ఒక్కటే కొడుతోంది. పైది మిస్. – చీరాల*

ముందు మీ మోటారుకు కాయిళ్లు ఎన్నో చూడండి. రెండు విడి కాయిళ్లు ఉంటే పని సులువు: పై ప్లగ్గు కిందికి, కింది ప్లగ్గు పైకి మార్చి చూడండి. మిస్ కిందికి దిగితే ప్లగ్గుదే తప్పు. దిగకపోతే ఈసారి కాయిళ్లు మార్చి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే ఏది పోయిందో తెలీదు.

ఒకే కాయిల్ నుంచి రెండు ప్లగ్గు వైర్లు బయటికి వస్తుంటే కథ వేరు. అందులో కరెంటు ఒక ప్లగ్గులోంచి దూకి, బ్లాకు ద్వారా రెండో ప్లగ్గుకు చేరి కాయిల్‌లోకి తిరిగి వస్తుంది. రెండూ ఒకే వలయంలో ఉన్నాయి, ఒకేసారి కొడతాయి. కాబట్టి కాయిల్ పోతే మామూలుగా రెండూ పోతాయి. ఒక్కటే మిస్ అంటే ప్లగ్గు మురికి, క్యాపు చీలిక, వైరు ఇన్సులేషన్ చిల్లి వీటిలో ఒకటి. చీకట్లో ఇంజిను నడిపి చూస్తే చిల్లి దగ్గర నీలపు మెరుపు కనిపిస్తుంది. అక్కడా ఏమీ లేకపోతే కంప్రెషన్ చూడండి. రెండు సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే అది రింగుల పని, ఇగ్నిషన్ జోలికి పోవద్దు.

*ఇక్కడ గ్యారేజ్ సేల్‌లో 1960ల నాటి 18 హెచ్‌పీ జాన్సన్ కొన్నాను. కంప్రెషన్ బాగుంది, స్పార్కు లేదు. పాయింట్లు ఎలా సెట్ చేయాలి? – మినెసోటా*

మంచి బేరం. ఆ తరం మోటార్లలో సీడీఐ లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్ కింద రెండు కాయిళ్లు, రెండు జతల పాయింట్లు (క్యామ్ తిరిగేకొద్దీ కరెంటును కలిపి తెంచే స్విచ్చులు), రెండు కండెన్సర్లు, అంతే. అన్నీ చేత్తో బాగుచేసుకోవచ్చు.

ఫ్లైవీల్ ఊడదీయడానికి దాని మీద ఉన్న మూడు మరల రంధ్రాల్లో బోల్టులు వేసి లాగే పుల్లర్ వాడండి. అంచు పట్టి లాగే మూడు కాళ్ల పుల్లర్ వద్దు, ఫ్లైవీల్ వంగుతుంది. క్రాంకు కొస మీద సుత్తితో నేరుగా కొట్టినా మరలు పాడవుతాయి.

ఊడగానే ముందు కాయిళ్లు చూడండి. ఆ కాలపు కాయిళ్ల పైపూత ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారుతుంది, తేమ పట్టి స్పార్కు లోపలే ఎర్తు అయిపోతుంది. బీట కనిపిస్తే మీటరు అవసరం లేదు, రెండూ మార్చేయండి. కొత్తది బిగించేటప్పుడు కాయిల్ ఇనుప కాళ్ల కొసలు, వాటి పక్కన ఆర్మేచర్ ప్లేటు మీద మరపట్టిన అంచుతో సమానంగా రావాలి. బయటికి పొడుచుకొస్తే మాగ్నెట్లు గీరుకుంటాయి, లోపలికి పోతే స్పార్కు బలం తగ్గుతుంది. వేలితో రాసి చూస్తే మెట్టు తగలకూడదు.

క్రాంకు మీద క్యామ్ తీశారంటే దాని మీద ‘టాప్’ అని ఉన్న ముఖం పైకి వచ్చేలా మళ్లీ పెట్టండి. పాయింట్ల సందు 0.020 అంగుళం, అంటే 0.5 మి.మీ. క్రాంకును సవ్యదిశలో తిప్పుతూ పాయింట్లు బాగా విచ్చుకున్న చోట ఆపండి. పట్టి ఉంచే స్క్రూ కొంచెం వదులు చేసి పక్కనున్న ఎక్సెంట్రిక్ స్క్రూను తిప్పి, ఫీలర్ గేజి కాస్త రాపిడితో జారేలా చేయండి. బిగించాక మళ్లీ కొలవాలి, బిగింపుకు సందు తప్పకుండా మారుతుంది. సందు తక్కువైతే పాయింట్లు ఆలస్యంగా విచ్చుకుని టైమింగ్ వెనక్కి పోతుంది, ఎక్కువైతే ముందుకు వస్తుంది, కాయిల్ నిండే సమయమూ తగ్గుతుంది.

అన్నీ కొత్తవి వేసినా స్పార్కు రాలేదనే ఫిర్యాదు తరచూ వింటాం. పాయింట్ల ముఖాల మీద తయారీదారు రాసిన సన్నని నూనె పొర, లేదా ఫీలర్ గేజి మీది నూనె, మీ వేలి జిడ్డు కరెంటును ఆపుతాయి. తెల్ల కాగితం పట్టీని స్పిరిట్‌లో తడిపి పాయింట్ల మధ్య పెట్టి లాగండి. మరక రాకుండా అయ్యేదాకా లాగి, చివర పొడి కాగితంతో ఒకసారి లాగండి. ఉప్పుకాగితం వద్దు. దాని రేణువులు లోహంలో గుచ్చుకుని అక్కడే ఉంటాయి. మల్టీమీటరుతో పాయింట్లు చూడాలంటే కాయిల్ వైరు విడదీయండి. లేకపోతే ప్రైమరీ గుండా ఎప్పుడూ కలిసినట్టే చూపిస్తుంది. పాయింట్ల ముఖాలు కొద్ది గంటల్లోనే కాలి గుంటలు పడితే కండెన్సర్ బలహీనమైంది.

స్పార్కు 6 మి.మీ. దూకితే చాలు. ఫ్లైవీల్ పెట్టే ముందు క్రాంకు టేపరూ (కొస వైపు సన్నబడే భాగం) ఫ్లైవీల్ లోపలి టేపరూ స్పిరిట్‌తో తుడిచి పొడిగా ఉంచండి. ప్లగ్గులు చాంపియన్ జే6సీ, సందు 0.030 అంగుళం.

*తాడు లాగితే వెనక్కి గుంజేస్తోంది. కార్బరేటర్‌లోంచి టప్ టప్ మని కొడుతోంది. స్పార్కు బాగానే ఉంది. – మచిలీపట్నం*

ఫ్లైవీల్‌ను షాఫ్టు మీద సరైన చోట నిలిపే చిన్న ముక్క, అంటే ఫ్లైవీల్ కీ విరిగింది, లేదా సగం కోసుకుపోయింది. స్పార్కు ఉంది కానీ వేళ తప్పింది. 20 మి.మీ. షాఫ్టు మీద ఒక్క మిల్లీమీటరు జరిగినా టైమింగ్ దాదాపు 6 డిగ్రీలు తప్పుతుంది. ఫ్యాను (ప్రొపెల్లరు) ఇసుక మేటకో రాయికో తగిలి ఇంజిను ఉన్నపళంగా ఆగినప్పుడు ఇలా అవుతుంది. నట్టు చాలినంత బిగించకపోయినా, టేపరుకు నూనె రాసినా అవుతుంది. అసలు పట్టు టేపరుది, కీ కేవలం చోటు చూపించేది. అందుకే మేకు ముక్క కోసి కీగా పెట్టే పని చేయకండి. అసలు కీ తెచ్చి, నట్టును టార్క్ రెంచితో మాన్యువల్ అంకెకు బిగించండి.

*దుకాణంలో ఎన్‌జీకే బి7హెచ్‌ఎస్ లేదని బి6హెచ్‌ఎస్ ఇచ్చారు. వాడొచ్చా? – నెల్లూరు జిల్లా*

పూర్తి వేగంతో వేటకు వెళ్లే ఇంజినుకు వద్దు. ఎన్‌జీకేలో అంకె తగ్గితే ప్లగ్గు వేడెక్కువ నిలుపుకుంటుంది. 6 వేస్తే మొన ఎర్రగా కాగి, స్పార్కు కంటే ముందే మిశ్రమాన్ని అంటిస్తుంది, పిస్టనుకు చిల్లి పడే ప్రమాదం ఉంది. చాంపియన్‌లో లెక్క తిరగబడుతుంది, అంకె పెరిగితే వేడి. ఇంకా ముఖ్యంగా, హెచ్‌ఎస్ బదులు ఈఎస్ ఇస్తే తీసుకోవద్దు. హెచ్ అంటే మర పొడవు 12.7 మి.మీ., ఈ అంటే 19. ఆ ఆరు మిల్లీమీటర్లూ పోయి పిస్టనుకు తగులుతాయి. పేరు చివర 10 ఉంటే సందు 1.0 మి.మీ. అని అర్థం.

కొత్త ప్లగ్గును చేత్తో ఆనేదాకా తిప్పి, ఆపైన స్పానరుతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. పాతదే తిరిగి వేస్తుంటే ముప్పై డిగ్రీలు చాలు.

*కిరోసిన్ మోటారు. రెండు వేటలకే ప్లగ్గులు నల్లగా తడిసిపోతున్నాయి. – పూడిమడక*

చల్లటి ఇంజినులో కిరోసిన్ ఆవిరి కాదు, ప్లగ్గును తడుపుతుంది. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజిను బాగా వేడెక్కాకే కిరోసిన్‌కు మార్చండి. ఆపే ముందు రెండు మూడు నిమిషాలు మళ్లీ పెట్రోలు మీద నడిపితే కార్బరేటర్ గిన్నెలో పెట్రోలే మిగులుతుంది. వల లాగేటప్పుడు నెమ్మదిగా చాలాసేపు నడపాల్సి వస్తే అప్పుడూ పెట్రోలే. థర్మోస్టాట్ ఉన్న మోటారైతే దాన్ని మెకానిక్ ఎప్పుడైనా పీకేశాడేమో అడగండి. అది లేకపోతే ఇంజిను ఎప్పటికీ సరిగా వేడెక్కదు. మసి పట్టిన ప్లగ్గును పెట్రోలూ పాత పళ్ల బ్రష్షూతో కడగండి. ఇనుప బ్రష్షు పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, కరెంటు వాటి వెంట జారిపోతుంది. పెట్రోలు ఇంజినులో పొదుపని కిరోసిన్ పోయడం మాత్రం వద్దు. కిరోసిన్ మోటార్లను తక్కువ కంప్రెషన్‌తో తయారు చేస్తారు.

*ఇంజిను నడుస్తుండగా ప్లగ్గు క్యాపులు ఒక్కొక్కటే ఊడదీసి ఏది కొట్టడం లేదో చూడొచ్చా? – కాకినాడ*

వద్దు. క్యాపులో ఉండేది వేల వోల్టులు, చేతులూ తెప్పా తడిగా ఉంటాయి. సీడీఐకి కూడా అది మంచిది కాదు. ఐదు నిమిషాలు నీళ్లలోనో డ్రమ్ములోనో నడిపి (పొడిగా నడిపితే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో కాలిపోతుంది), ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రెండు సిలిండర్ల హెడ్డునూ ప్లగ్గుల పక్కన చూడండి. కొట్టని సిలిండర్ చల్లగా ఉంటుంది.